పాలమూరు ముందు నిలబడ్డ విశేషణం

ఒక చిన్న సంచిక అచ్చుకు పోవాలి. ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు), నల్లగొండ జిల్లాల వలసల మీద వ్యాసాలు. వాటిలో పెద్దది ఒక వకీలమ్మది. ఆమె తల్లిదండ్రులు మేస్త్రీ గుంపుతో కట్టల పనులకు తిరిగినవాళ్లు, ఆమె బీసీ హాస్టల్లో ఉండి చదువుకుంది. వ్యాసాలు దిద్దే పని ఇంగ్లిష్ లెక్చరరుగా రిటైరైన ఒక సారుది. ఒకప్పుడు ఆమెకు కూడా పాఠం చెప్పినాయనే. ఆయన దిద్దిన ప్రతిలో ‘వెనుకబడిన’ కనిపించిన చోటల్లా ఎర్రగీత పడింది. ప్రెస్సువాడితో మాట పడేది నేను గనుక ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. జరిగిన మాటలు ఇవి. మధ్యలో నా గొణుగుడు కొంత ఉంటుంది.

వకీలమ్మ: సార్, నా వ్యాసంల తప్పులుంటే దిద్దండి, మీ చేతికింద చదువుకున్నదాన్నే. గాని ‘వెనుకబడిన జిల్లా’ అని నేను రాస్తే ‘జిల్లా’ ఒక్కటి ఉంచి ముందటిది కొట్టేసిన్రు. అది తప్పెట్లయితది?

సారు: తప్పని కొట్టలేదమ్మా, అలవాటైపోయిందని కొట్టాను. పాలమూరు అనగానే పెన్ను దానంతటది ‘వెనుకబడిన’ అని రాస్తుంది. పోనీ మనం పుట్టించుకున్న మాటా అంటే అదీ కాదు. ‘బ్యాక్‌వర్డ్’కు చేసుకున్న తర్జుమా. ఆ ఇంగ్లిష్ మాట పుట్టుక తెలిస్తే నువ్వే కొట్టేస్తావు. మొదట ‘అబ్యాక్’ అని ఉండేది, వీపు వైపుకి అని. దానికి ‘వర్డ్’ చేరి ‘అబ్యాక్‌వర్డ్’ అయింది, తర్వాత ముందున్న ‘అ’ రాలిపోయింది. ఇది 1300 ప్రాంతపు ముచ్చట. ఈ ‘వర్డ్’ అంటే ఫలానా దిక్కుకు తిరిగి ఉన్న అని. ఫార్వర్డ్, అప్‌వర్డ్, చివరికి ఆక్‌వర్డ్ కూడా ఆ ఇంటి పిల్లలే. మనకు ‘వృత్’ ధాతువు ఉంది కదా, ఆవర్తనం, పరివర్తన, వర్తులం అన్నీ తిరగడమే కదా, ఆ వృత్‌కూ ఈ వర్డ్‌కూ మూలం ఒకటేనంటారు భాషాశాస్త్రజ్ఞులు. అంటే అది మనిషి ఎటు తిరిగి ఉన్నాడో చెప్పే మాట. ఎట్లాంటివాడో చెప్పే మాట కాదు. ఇటు తిరిగితే చాలు, ఆ మాట ఊడిపోతుంది. పదిహేడో శతాబ్దం చివరికి ‘ప్రగతిలో వెనక ఉన్న’ అనే అర్థం పట్టుకుంది. ఆ మీదట బళ్లో చదువు ఎక్కని పిల్లలకు అంటించారు. 1937లో సిరిల్ బర్ట్ అనే మనస్తత్వవేత్త రాసిన పెద్ద పుస్తకం పేరే ‘ది బ్యాక్‌వర్డ్ చైల్డ్’. ఇవాళ ఏ టీచరైనా ప్రోగ్రెస్ కార్డు మీద ఆ మాట రాసి చూడమను, తల్లిదండ్రులు బడి ముందు కూర్చుంటారు. పిల్లలకు వద్దన్న మాట ఒక జిల్లాకు ఎందుకు?

వకీలమ్మ: బడిల దాని కథ మీకు ఎరుక. కోర్టుల దాని కథ నేను చెప్త. 1918ల మైసూరు రాజు మిల్లర్ కమిటీ వేసిండు. సర్కారు కొలువులన్నీ ఒక్క కులం చేతిలనే ఉన్నయని మిగిలినోళ్లు గొడవ చేస్తే వేసిన కమిటీ అది. వాళ్లు ఎవర్ని బ్యాక్‌వర్డ్ అన్నరు? బ్రాహ్మలు, తెల్లోళ్లు, ఆంగ్లో ఇండియన్లు తప్ప ఇగ అందర్నీ. రాజ్యమంతా ఎనుక, పిడికెడు మంది ముందట. ఆ మాటతోని అవమానమైంది ఎవరికి సార్? ముందటున్నోళ్లకే.

సారు: ఒప్పుకుంటా. మొన్నటి మన కులగణనలో కూడా బీసీలు 56 శాతం దాటారు. నూటికి 56 మంది వెనక ఉన్నారంటే, ఇక ఆ మాట ఎవరి గురించి చెప్తున్నట్టు? అర్థం అరిగిపోయిందనే నేను కూడా అనేది.

వకీలమ్మ: అరిగితే కోర్టుల ఎందుకు పనిచేస్తున్నది? 1948 నవంబర్ 30 నాడు రాజ్యాంగ సభల ఈ ఒక్క విశేషణం మీదనే కొట్లాట. ఇప్పటి 16(4) అధికరణం అప్పుడు ముసాయిదాల పదో దాంట్ల ఉండె. ‘బ్యాక్‌వర్డ్’ అంటే అర్థమేంది, నిర్వచనం లేదు, తీసెయ్యాలె అని కొందరన్నరు. వకీళ్లకు పండగే అని టీటీ కృష్ణమాచారి ఎకసెక్కం చేసిండు. అంబేడ్కర్ ఏం చెప్పిండు? అందరికీ సమాన అవకాశం అనేది నియమం, కొందరికి రిజర్వేషన్ అనేది మినహాయింపు, ఈ మాట అడ్డం లేకపోతే మినహాయింపు నియమాన్నే మింగేస్తది అన్నడు. ఎవరు బ్యాక్‌వర్డో ఆయా రాష్ట్రాల ప్రభుత్వాలు తేల్చుకుంటయని కూడా అన్నడు. మీరు కొట్టేసిన మాట గంత బరువు మోస్తున్నది.

(ఆమె వాదన బలం ఇక్కడే అనిపించింది నాకు. కృష్ణమాచారి ఎకసెక్కం కూడా నిజమే అయింది. ఎదురుగా కూర్చున్నావిడే అందుకు సాక్ష్యం. ఈ మాట మాత్రం పైకి అనలేదు.)

సారు: మనుషుల సంగతి నేను మాట్లాడటం లేదు. నీ కులపత్రం మీద ఆ మాట ఉండాలి, ఉండనీ. నేను కొట్టింది జిల్లా ముందున్న మాటను. మనిషి వెనక ఉంటే దానికి కులం ఉంది, బడికి రానివ్వని ఊరుంది. నేల ఎట్లా వెనకబడుతుంది? కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేదే తంగిడి దగ్గర, మన జిల్లాలో. అలంపూర్ పక్కన తుంగభద్ర వచ్చి కలుస్తుంది. రెండు నదుల మధ్య నేలకు నీళ్లు లేవంటే అది నేల గుణమా? కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునలే తన తీర్పులో ఒప్పుకున్నది, హైదరాబాద్ రాష్ట్రాన్ని విడగొట్టకుంటే మహబూబ్‌నగర్ ప్రాంతానికి సాగునీరు దొరికే అవకాశం మెరుగ్గా ఉండేదని. అందుకే జూరాలకు 17.84 టీఎంసీలు కేటాయించింది. కేటాయింపు వచ్చింది 1973లో, జూరాలకు పునాదిరాయి పడింది 1981లో. రాజోలిబండ చూడు. ఆనకట్ట రాయచూరు జిల్లాలో, 87,500 ఎకరాల ఆయకట్టు మన గద్వాల, అలంపూర్ వైపు, 15.9 టీఎంసీల హక్కు కాగితం మీద. చివరి పొలానికి నీళ్లు రాలేదని ఏటా గొడవే. ఇంత జరిగాక ‘వెనుకబడిన జిల్లా’ అని రాస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది? వర్షాలు లేవు కాబోలు, మనుషులు సోమరులు కాబోలు అనుకుంటాడు.

వకీలమ్మ: నేను అట్ల రాయలేదు సార్, ఈ లెక్కలన్నీ రాసిన.

సారు: రాశావు, కానీ ఆ విశేషణం నీ లెక్కలను కప్పేస్తుంది. వ్యాకరణం చూడు. తెలుగులో ‘బడు’ రెండు పనులు చేస్తుంది. ‘చేయబడిన’, ‘దోచబడిన’ అంటే అది కర్మణి. ఎవరిచేత అని అడగొచ్చు, ‘దొంగలచేత దోచబడిన’ అని కర్తను తెచ్చి పక్కన నిలబెట్టొచ్చు. ‘వెనుకబడిన’లో ఉన్నది ఆ బడు కాదు. జారిపడు, కిందపడు లాంటిది. ‘ఎవరిచేత వెనుకబడిన’ అని అడిగి చూడు, వాక్యమే నిలవదు. కర్తకు చోటు లేని మాట. దొరకు, సర్కారుకు, పక్క రాష్ట్రానికి ఇంతకన్నా సుఖమైన మాట ఏముంటుంది?

(సారు క్లాసు ఎట్లా చెప్పేవారో ఇక్కడ తెలిసింది. వకీలమ్మ కాసేపు నోట్సు రాసుకునే అమ్మాయిలా విన్నది. కాసేపే.)

వకీలమ్మ: ఉద్యమంల మనం పాడినం, రాసినం, వెనుకబడలేదు, వెనక్కి నెట్టిన్రు అని. నాకు ఎరుక. గాని కలెక్టరు దగ్గర దరఖాస్తు పెట్టేటప్పుడు ‘నెట్టిన’ అని రాస్తే ఏమడుగుతడో మీకు ఎరుకనా? ఎవరు నెట్టిన్రు, ఎప్పుడు, రుజువేది అంటడు. నెట్టినోడు దొరికేదాక పింఛన్ ఆగాలె, హాస్టల్ ఆగాలె. ‘వెనుకబడిన’ అంటే నెట్టినోడు దొరకకున్నా సరే, నెట్టబడ్డోడు కనిపిస్తే చాలు. అక్షరాస్యత ఎంత, ఆదాయమెంత, కూలికి పోయేటోళ్లు ఎందరు. 2011 లెక్కల మన జిల్లా అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 23 జిల్లాల అందరికన్న తక్కువ. ఆ ఒక్క అంకె సాలు. 2006 ఫిబ్రవరిల ఉపాధి హామీ మొదలైతే దేశం మొత్తం మీద మొదట 200 జిల్లాలే. మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ అందుల ఉన్నయ్. ఆ మరుసటేడు బ్యాక్‌వర్డ్ రీజియన్స్ గ్రాంట్ ఫండ్ వచ్చింది, 250 జిల్లాలు. మన రాష్ట్రంలకెళ్లి 13, హైదరాబాద్ తప్ప తెలంగాణ జిల్లాలన్నీ అందులనే. రాష్ట్రం విడిపోయినంక కూడా ఆ మాట మీదనే కేంద్రం తొమ్మిది జిల్లాలకు ఏటా 50 కోట్ల లెక్కన ఇస్తనన్నది. ఇచ్చిందెంత, ఎగ్గొట్టిందెంత అది వేరే పంచాయితీ. అడగనీకె మాట ఉండె కద.

సారు: ఆ మాటే మన చేతిలోంచి ఇంకో మాటను గుంజుకుంది తల్లీ. 1973 ఆరు సూత్రాల పథకం చదివావా? 1956 పెద్దమనుషుల ఒప్పందంలో ఉన్నది ‘తెలంగాణ’. తెలంగాణకు ప్రాంతీయ సంఘం, తెలంగాణ మిగులు తెలంగాణకే. 1969లో ఆ మిగులు నిధుల కోసం కూడా పిల్లలు తూటాలకు ఎదురుపోయారు. ఆరు సూత్రాల్లో మొదటి సూత్రం ఏమన్నది? రాష్ట్రంలోని వెనుకబడిన ప్రాంతాల సత్వర అభివృద్ధి. తెలంగాణ అనే పేరు పోయింది, విశేషణం వచ్చి కూర్చుంది. ప్రాంతీయ సంఘం రద్దయింది. కొలువులు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనలు పోయాయి. ఒప్పందం ఉన్నప్పుడు అడిగితే బాకీ అడిగినట్టు. విశేషణం తగిలించుకుని అడిగితే సాయం అడిగినట్టు. నువ్వు వకీలువు, ఆ రెంటికీ తేడా నేను చెప్పాలా?

వకీలమ్మ దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. నిజానికి ఆ రోజు మాటల్లో ఆమెను తడబెట్టింది ఇదొక్కటే. ఆరు సూత్రాల్లోంచే 371డి అధికరణం వచ్చిందనీ, స్థానిక కోటా దాని పుణ్యమేననీ అన్నది గానీ, గొంతులో పట్టు లేదు. తర్వాత దారి మార్చింది.

వకీలమ్మ: సరే, మాట తీసేస్తే ఏమైతదో కూడా చూసినం. 1949ల అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ‘అండర్‌డెవలప్డ్’ అన్నడు, అటెన్క అది ‘డెవలపింగ్’ అయింది. పేరు మర్యాదగైంది. మన దగ్గర కూడా 2018ల నీతి ఆయోగ్ ‘బ్యాక్‌వర్డ్’ అనొద్దు, ‘ఆస్పిరేషనల్’ అందాం అన్నది. ఆకాంక్షల జిల్లాలట. తెలంగాణకెళ్లి మూడు తీసుకున్నరు, ఆసిఫాబాద్, భూపాలపల్లి, కొత్తగూడెం. పాలమూరు లేదు, నల్లగొండ లేదు. మాకు ఆకాంక్షలు లేవా సార్? అంతకు ముందే 2015ల గ్రాంట్ ఫండ్ ఎత్తేసిన్రు. ఎనుక ఉన్నమంటే లెక్క చూపియ్యాలె. ఆకాంక్ష ఉన్నదంటే ఏ లెక్క చూపియ్యాలె?

సారు: ఆ కొత్త మాట నాకూ గిట్టదు. ప్రతి ఊరికీ ఉండేదే ఆకాంక్ష. అయితే ఒకటి గమనించు. ఈ జిల్లాకు అంతకు ముందు ఇంకో విశేషణం ఉండేది. విద్వద్గద్వాల. సంస్థానం ఉన్న రోజుల్లో గద్వాల పేరు అట్లాగే పలికేవారు. పండితులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి సంభావనలు తీసుకుపోయేవాళ్లు. వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు కూడా తక్కువ తినలేదు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకాయన తీసిపారేస్తే, మన ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసి చూపించాడు. ‘మేం వెనుకబడినవాళ్లం, దయచూడండి’ అని పత్రికలో వాపోలేదాయన. పేర్లు అచ్చేసి ముందు పెట్టాడు. నల్లగొండనే తీసుకో. 1952 ఎన్నికల్లో దేశంలో అందరికన్నా, నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న రావి నారాయణరెడ్డిని గెలిపించింది ఆ జిల్లానే. ఏ కొలత మీద వెనకా, ఏ కొలత మీద ముందా అని అడగకుండా ఒకే మాట అంటించడం అన్యాయం.

వకీలమ్మ: విద్వద్గద్వాల! మంచి మాట తెచ్చిన్రు సార్. ఆ విద్వత్తు ఎవరి ఇంట్ల ఉండె? మా తాత గద్వాల కోటకు రాళ్లు కొట్టినోళ్ల వంశం. ఆయనకు సంతకం రాదు, వేలిముద్రనే. ఆ 354 మందిల మా వడ్డెరోళ్లు ఎందరున్నరో మీరే చెప్పండి. గద్వాల ముందట ‘విద్వత్’ అని పెట్టినోళ్లకు మా తాత కనబడలేదు. ‘బ్యాక్‌వర్డ్’ అని రాసినోళ్లకు కనబడ్డడు. ఇంగ్లిష్ కానియ్, ఇంకేదన్న కానియ్, ఆయనను చూసిన మాట అదే. మీరు అదే మాట కొట్టేస్తున్నరు.

సారు చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఈ సందులో నేనొక మాట అన్నాను, ఇద్దరూ పట్టించుకోలేదు, అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను. తెలుగులో ‘వెనక’ పాపం అంత చెడ్డది కాదు. డబ్బు కూడబెడితే నాలుగు రాళ్లు వెనకేశాడంటాం. మనవాణ్ణి కాపాడితే వెనకేసుకొచ్చాడంటాం. వెనకాముందూ ఉన్నవాడంటే బలగమున్నవాడు. మన పల్లెల్లో కథ మొదలుపెట్టేదే ‘ఎనుకట’ అని. వెనక ఉండటం చిన్నతనమైంది ‘బ్యాక్‌వర్డ్’కు తర్జుమా అయ్యాకే కావచ్చు. సారు నా వైపు చూసి, అది వేరే వ్యాసం అన్నారు. నిజమే.

సారు: మీ తాతను చూడని విశేషణం నాకూ వద్దు. అందుకే నేను రెండూ వద్దంటున్నాను. నువ్వు మర్చిపోయింది ఒకటి చెప్తా. ఈ రెండు జిల్లాల పేర్లు దేశంలో ఎట్లా తెలుసు? పాలమూరు లేబర్. నల్లగొండ టెక్నిక్. పేర్లే విశేషణాలైపోయాయి. మర్రిగూడ, మునుగోడు వైపు బావినీళ్లలో ఫ్లోరైడ్ తాగి పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోతే, నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నం కలిపి ఆ విషాన్ని పేరబెట్టి వడకట్టే పద్ధతి కనిపెట్టి దానికి ఆ పేరు పెట్టింది. టాంజానియా దాకా పోయింది ఆ పేరు. నల్లగొండ అంటే అక్కడివాళ్లకు ఊరు కాదు, నీళ్లు శుద్ధి చేసే విధానం. సాగర్ ఆనకట్ట ఆ జిల్లాలోనే కట్టారు, మునుగోడు మెట్టకు మాత్రం చుక్క ఎక్కలేదు. ఆ సంగతి ఆ పేరులో ఎక్కడైనా ఉందా?

వకీలమ్మ: పాలమూరు లేబర్ సంగతి నన్ను అడగండి. మా అమ్మ ఆ మాటతోనే బతికింది. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి గుంపును కట్టుకపోయేటోడు. సాగర్‌కు, శ్రీశైలానికి, బొంబాయికి, పుణెకు. నారాయణపేట, కోస్గి దిక్కు నుంచి సీదా బొంబాయి బస్సే ఉండె. ‘పాలమూరోళ్లు కావాలె’ అంటే ఎవరు కావాలెనో కాంట్రాక్టరుకు అర్థమయ్యేది. తక్కువ కూలి, ఎక్కువ పని, నోరు లేనోళ్లు. ఊరి పేరే గట్లయింది. ‘వెనుకబడిన’ కన్న అది నయమా? ‘పాలమూరు లేబర్’ అంటే మమ్మల్ని పనికి పిలుస్తరు. ‘బ్యాక్‌వర్డ్’ అంటే మేం హక్కు అడుగుతం. ఒకటి వాళ్ల మాట, ఒకటి మా మాట.

సారు: ఇవాళ ఆ పని ఎవరు చేస్తున్నారో చూశావా? నిరుడు ఫిబ్రవరి 22న అనుకుంటా...

నేను: నిరుడో మొన్నో, 2025 ఫిబ్రవరి 22 సార్.

సారు: ఆ, దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం పైకప్పు కూలింది. నల్లగొండ మెట్టకు నీళ్లు తెచ్చే సొరంగం, మన నాగర్‌కర్నూల్ జిల్లాలో. లోపల చిక్కిన ఎనిమిది మందిలో నలుగురు జార్ఖండ్ వాళ్లు. మిగతావాళ్లు ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ వాళ్లు. పాలమూరు మనిషి ఒక్కడూ లేడు. మనం ముందుకు వచ్చామని సంబరపడాలా? మనం ఖాళీ చేసిన చోటుకు జార్ఖండ్ వచ్చింది. రేపు వాళ్ల జిల్లా ముందు ఇదే విశేషణం వేసి ఇంకెవరో సంచిక తెస్తారు. జాగా మారుతుంది, మాట మారదు. ఆ మాటకు మనమెందుకు వకాలత్ తీసుకోవాలి?

వకీలమ్మ: ఎందుకంటే మాది దిగేదాక మోయాలె గనుక. మనిషికైతే దిగే మెట్టు ఉన్నది. కేంద్రం కొలువులకు ఓబీసీ అంటే క్రీమీ లేయర్ గీత ఉన్నది, 2017 నుంచి ఎనిమిది లక్షలు. నా సంపాదన ఆ గీత దాటిననాడు నా కొడుకు ఫారంల ఆ మాట రాయడు. నాకేం బాధ లేదు. జిల్లాకు గట్లాంటి గీత ఎవరు గీసిన్రు? పాలమూరు ఒక్కటి ఐదు జిల్లాలైంది. ఐటీ పార్కు వచ్చిన మహబూబ్‌నగర్ పట్నానికి, గట్టు మండలానికి ఒకటే మాట ఎట్ల చెల్లుతదని మీరు అడిగితే నేను ఒప్పుకుందును. అది అడగలేదు మీరు.

సారు: ఇప్పుడు అడుగుతున్నా అనుకో.

వకీలమ్మ: అయితే చెప్పండి. 2023ల మల్ల ఆకాంక్షల బ్లాకులని జాబితా తీసిన్రు. గట్టు, నర్వ, అమ్రాబాద్ అందుల ఉన్నయ్. గవిటి ముందట ఏం రాయమంటరు? ఆకాంక్షల గట్టు అననా?

సారు: గట్టు అని రాయి, చాలు. ముందు ఏమీ పెట్టకు. కింద అంకెలు పెట్టు. బడి ఎంత దూరం, ఆడపిల్లలు ఎన్నో తరగతిలో ఆగిపోతున్నారు, బోరు ఎన్ని అడుగుల్లో ఎండింది. చదివేవాడికి కావాలంటే ఆ విశేషణం వాడే తగిలించుకుంటాడు. అప్పుడది వాడి అభిప్రాయం అవుతుంది, మన ఇంటిపేరు కాదు.

వకీలమ్మ: అంకెలు పెడత సార్, మీరు చెప్పినయన్నీ పెడత. బచావత్ సంగతి, ఆరు సూత్రాల సంగతి కూడ మీ పేరు చెప్పి రాస్త. గాని గట్టు ముందర ఆ మాట ఉంచుత. చదివెటోడు అనుకుంటే నాకేమొస్తది? రేపు ఆ ఊరి పిల్ల దరఖాస్తు పెడితే సంతకం పెట్టాల్సింది చదివెటోడు కాదు, ఆ పిల్ల.